ఒకే బల్ల మీద రెండు డబ్బాలు

నిన్న సాయంత్రం పది కిలోల సోనామసూరి బస్తా మూతి కత్తిరించి, వంటింటి ప్రెస్‌లో ఉండే బియ్యం డబ్బాలో పోయబోతుంటే మా అమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది. ఇక్కడివాళ్లు అలమరాని ప్రెస్ అంటారు, ఇన్నేళ్లలో మాకూ అదే నోటికి పట్టుబడింది. అడుగున మిగిలిన ఆ పిడికెడు పాత బియ్యం ముందు వండేసి, డబ్బా కడిగి ఆరబెట్టి, అప్పుడు కొత్తవి పోయొచ్చు కదా అని తన ఇంగ్లీషులో, డబ్లిన్ దగ్గర మేముండే డ్రోహెడా ఊరి అచ్చమైన యాసలో అడిగింది. మామూలుగా అయితే మా అమ్మమ్మ మాటే దానికి అప్పజెప్పేదాన్ని. బియ్యం డబ్బా అడుగంటకూడదని ఆవిడ నియమం. అయిపోయాయి అన్న మాట కూడా అననిచ్చేది కాదు, నిండుకున్నాయి అనాలి. మా ఇంట్లో శకునాలూ ముహూర్తాలూ ఏవీ లేవు, ఆదివారం చర్చి తప్ప వేరే పట్టింపు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మ ఏ పాస్టరు గారి మాటా వినేది కాదు. కారం, చింతపండు, కందిపప్పు దేనికైనా అదే పద్ధతి, అడుగున పిడికెడు పాతది ఉంచి పైన కొత్తది పోయడం. ఇదంతా చెబుదామని నోరు తెరిచాను. అంతలో పై అరలో పసుపు డబ్బా పక్కనున్న తక్కెడ కంటపడింది, చెప్పలేకపోయాను. ఆ తక్కెడ మా పక్కింటి పెద్దాయనది. అమ్మమ్మ పద్ధతి వల్ల నేను ఒకసారి ఆయనకు చేసిన నష్టం ఇప్పటికీ గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి.

మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. భార్య పోయి చాలా కాలమైంది, కూతురు గాల్వేలో కాపురం. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాలకేంద్రంలో రైతులు తెచ్చిన పాలకు వెన్న శాతం కొలిచేవాడట. కొలిచే బుద్ధి రిటైరయ్యాక కూడా ఆయన్ని వదల్లేదు. చెత్త డబ్బాలు బయట పెట్టడానికి కూడా వీధి గోడ నుంచి ఒక జానెడు దూరమని లెక్క ఉండేది, మావి వంకరగా ఉంటే అవీ సర్దేవాడు. మేం తాలింపు వేసిన రోజు తలుపు తట్టి, తన వంటింట్లో కూర్చుని ఆవాలు ఎన్ని చిటపటమన్నాయో లెక్కపెట్టానని చెప్పేవాడు. అది వేళాకోళమో నిజమో మొదటి సంవత్సరమంతా నాకు తెలియలేదు.

ఆయనకు ఒకే ఒక్క సరదా, రైఫిల్‌తో గురి కొట్టడం. పిట్టను గానీ కుందేలును గానీ కొట్టి ఎరగడు. దూరంగా పాతిన కాగితం మీద నల్లటి చుక్కను కొట్టడం, కొట్టిన చోటనే మళ్లీ కొట్టడం, అంతే. పైగా కంపెనీ తూటాలు కొని కాల్చేవాడు కాదు. పేల్చిన ఇత్తడి తొడుగులను శుభ్రం చేసి, సరిచేసి, అందులో తన చేత్తో తుపాకి మందు తూచి పోసి, కొసన చిటికెన వేలి గోరంత గుండు బిగించుకునేవాడు. ఈ దేశంలో అలాంటివి ఇంట్లో చేసుకోవడానికి ఒప్పుకోరు. ఊరికి ముప్పావుగంట దూరంలో గుట్టల మధ్య ఉన్న వాళ్ల క్లబ్బులో, అనుమతి ఉన్న ఒక చిన్న గదిలో, రిజిస్టరులో సంతకం పెట్టి చేసుకోవాలి. శనివారం శనివారం ఆయన కారు తీసుకుని వెళ్లడం మేం కిటికీలోంచి చూస్తూనే ఉండేవాళ్లం, చేపలు పట్టడానికేమో అనుకునేవాళ్లం.

ఒక చలికాలం ఆయన గుండె దడతో మా ఆసుపత్రిలో చేరాడు, పడింది నేను పనిచేసే వార్డులోనే. పక్క మంచం రోగికి ఇంజెక్షన్ ఇవ్వడానికి నేనూ ఇంకో నర్సూ సరిచూసుకోవడం ఆయన దుప్పటి కింద నుంచి గమనించాడు. ప్రమాదకరమైన డోసు ఒకరు లెక్కగట్టి రెండోవారికి చెప్పకూడదు, ఇద్దరూ ఎవరికి వారే లెక్కగట్టి అప్పుడు పోల్చుకోవాలి. ఆయన ఇంటికి వెళ్లిన రెండు నెలలకు మా తలుపు తట్టి, టీ కూడా ముట్టకుండా, వచ్చిన పని చెప్పాడు. ఎడమ కంటి చూపు మధ్యలో మసకబారిపోయింది, కుడి కన్నూ అదే దారిలో ఉంది, కారు నడపడం మానేశాడు. తుపాకి లైసెన్సు గడువు అక్టోబరులో తీరుతుంది, మళ్లీ దరఖాస్తు పెట్టడు. సెప్టెంబరులో క్లబ్బు పోటీ ఒకటుంది, అది ఆఖరిది. రైఫిల్ మీద దుర్భిణి ఉంది కాబట్టి నల్లచుక్క కనిపిస్తుంది గానీ, తక్కెడ మీద వెంట్రుకంత గీతలు కనిపించడం లేదు. ఆ ఆఖరి పోటీ కూడా తన చేతి తూటాలతోనే కాల్చాలని ఆయన కోరిక. "క్లబ్బులో చదివిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ వాళ్లు కబుర్లు చెబుతూ చదువుతారు. నువ్వు చదివేటప్పుడు మాట్లాడవు" అన్నాడు. నా జీవితంలో ఎవరూ నన్ను మాట్లాడదు అని మెచ్చుకోలేదు. వెంటనే ఒప్పేసుకున్నాను.

మా ఆయన డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రైలు దిగి ఇంటికొచ్చి సంగతి విని, బ్యాగు భుజాన ఉండగానే మొదలుపెట్టాడు. "నీకేమన్నా పిచ్చా? సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఇంకా ఆఫీసులోనే ఉంది. ఇప్పుడు గార్డుల పుస్తకంలో మన పేరు పడితే ఏం చెప్తావ్?" గార్డులంటే ఇక్కడి పోలీసులు. ప్రార్థన కూటంలో ఒక ఆంటీకి ఈ కబురు ఎలా చేరిందో గానీ, ఆమెన్ అనగానే నా చెయ్యి పట్టుకుంది. "ఏంటమ్మా, శనివారం శనివారం తుపాకుల కాడికి పోతన్నావంట?" అంది. కాగితాన్నే కొడతాడు ఆంటీ అంటే, "ఇయ్యాల కాగితం, రేపు?" అని తల ఆడించింది. క్లబ్బువాళ్లే గార్డులతో మాట్లాడి, నేను తూకం చదవడానికి మాత్రమే వస్తానని, తుపాకి మందు పొడి ముట్టుకోనని కాగితం రాయించాక మా ఆయన కాస్త నెమ్మదించాడు. ఆ ముట్టుకోను అన్న ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తాళం వేసే ఇనప బీరువా, గోడ మీద ఆయన దస్తూరీతోనే లావు అక్షరాల్లో రాసిన నియమాలు. మొదటి నియమం, బల్ల మీద ఒకే డబ్బా ఉండాలి. పని మొదలుపెట్టేముందు బీరువాలోంచి ఒక డబ్బా తీయడం, పేరు పైకి చదవడం, పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలో పోసి బీరువాలో పెట్టాకే ఇంకో వస్తువు ముట్టుకోవడం. తక్కెడలో ఆ పొడిని గ్రెయిన్లలో తూస్తారు, గ్రెయిన్ అంటే పూర్వం ఒక బార్లీ గింజ ఎత్తట. మా ఊళ్లో కంసాలి గురిగింజలతో బంగారం తూచడం చూసినదాన్ని కాబట్టి నాకది పరాయిగా అనిపించలేదు. ఆయన భూతద్దంతో గీతను చూసి, అంకె చీటీ మీద రాసి బోర్లించేవాడు. తర్వాత నేను చూసి పైకి చదివేదాన్ని. అప్పుడు చీటీ తిప్పేవాళ్లం. రెండూ ఒకటైతేనే ఆ పొడి తొడుగులోకి వెళ్లేది, కాకపోతే పళ్లెం ఖాళీ చేసి మొదటికి వచ్చేవాళ్లం. ఒక్కో ఉదయం ఇరవై తూటాలకు మించి అయ్యేవి కావు. ఉప్పు కూడా చేతి అందాజుతో వేసే నాకు మొదట్లో విసుగొచ్చేది, తర్వాత్తర్వాత ఆ గదిలో ఉన్నంత సేపూ ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు హాయిగా ఉండేది.

తుపాకి మందు అంటే ఒకటే రకం అనుకునేదాన్ని. నల్లగా ఉంటుంది, అంటిస్తే భగ్గుమంటుంది, అంతే కదా అని. బీరువాలో నాలుగైదు రకాలుండేవి, అన్నీ సన్నని గసగసాల్లాగానో, తుంచిన సేమ్యాలాగానో బూడిద రంగులో ఉండేవి. తేడా అంతా మండే వేగంలో ఉంటుందని, పెద్ద తూటాకు నిదానంగా మండేది కావాలని, ఆయనలాంటి చిన్న తూటాలో అది వేస్తే గుండు గొట్టం దాటేసరికి సగం కూడా మండదని, మరీ తొందరగా మండేది వేస్తే ఆ ఒత్తిడికి రైఫిలే పగలొచ్చని చెప్పాడు. నాకు అర్థం కావాలని పొయ్యిలో టర్ఫ్‌కీ ఎండుపుల్లలకీ పోలిక పెట్టాడు. టర్ఫ్ అంటే ఇక్కడ బురదనేలలో కోసి ఎండబెట్టుకునే, నిదానంగా మండే మట్టిపెళ్లలు. పాలు కాగాలంటే పిడకలు, అట్టు కాలాలంటే కొబ్బరి మట్టలు అని నేను మా అమ్మమ్మ పొయ్యి సంగతి చెప్పాను. సరిగ్గా అదే అన్నాడు, ఆ వారం కనపడినవాళ్లందరికీ పిడకల గురించి చెప్పాడు. పుస్తకంలో రాసిన కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా కాల్చి చూస్తూ వెళ్లాలి. ముసలివాళ్లకు డోసు పెంచే పద్ధతీ అదే. ఈయన నర్సు అయి ఉంటే మా వార్డులో ఒక్క పొరపాటూ జరిగేది కాదు అనుకునేదాన్ని.

ఆయన ఇరవై ఏళ్లకు పైగా వాడిన పొడి ఒకటుంది. దాన్ని తయారుచేయడం మానేశారు. ఆఖరి డబ్బాలో అడుగున కొంచెం మిగిలింది, లెక్కపెడితే అరవై తూటాలకు సరిపోతుంది. సెప్టెంబరు పోటీకి, ముందు సాధనకు కలిపి సరిగ్గా అంతే కావాలి. ఆ రైఫిలూ ఆ పొడీ ఒకదాన్నొకటి ఎరిగినవి, వాటి మధ్య తాను వేలు పెట్టక్కర్లేదు అనేవాడు. కళ్లు పోతున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? జులైలో ఒక శనివారం క్లబ్బు సెక్రటరీ ఒక కొత్త రకం తెప్పించాడు, పాతదానికి బదులుగా దీన్ని వాడుకోవచ్చని కంపెనీ చెబుతోందట. అది నాకు చూపించాలని పెద్దాయనకు సరదా పుట్టింది. పాత డబ్బా బల్ల మీద ఉండగానే కొత్త డబ్బా కూడా తెచ్చి పక్కన పెట్టి, రెండిటి మూతలూ తీసి, చూడు ఎంత దగ్గరగా ఉన్నాయో అన్నాడు. నిజంగానే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. అంతలో రిజిస్టరులో ఏదో సంతకం మిగిలిపోయిందని సెక్రటరీ బయట నుంచి పిలిచాడు, పెద్దాయన గుమ్మం దాటాడు.

ఆయన వచ్చేలోపు బల్ల సర్దేద్దామనుకున్నాను. ఒకటి నిండు డబ్బా, ఒకటి అడుగంటిన డబ్బా. అంతే నేను చూసింది. పాతదీ కొత్తదీ అన్న మాటలు అప్పుడే విని ఉన్నానేమో, నా బుర్రలో అవి పాత బియ్యం కొత్త బియ్యమే అయ్యాయి. చెయ్యి దానంతటదే లేచింది. అడుగున పాతది ఉంచి, పైన కొత్తది నిండుగా పోసి, అంచు మీద పడ్డ గింజలు కూడా చిటికెన వేలితో లోపలికి తోసి, మూత బిగించాను. మూత బిగించాక తల ఎత్తితే ఎదురుగా గోడ మీద మొదటి నియమం కనిపించింది. మళ్లీ మూత తీసి చూశాను. చూస్తే ఏమీ తెలియలేదు. ఏది పాత గింజో ఏది కొత్త గింజో దేవుడు కూడా విడదీయలేడు. ఎక్కువైన పొడిని వెనక్కి కొత్త డబ్బాలోకి ఒంపేస్తే ఎవరూ కనిపెట్టలేరన్న ఆలోచన కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. సిటిజన్‌షిప్ అప్లికేషనూ, ముట్టుకోను అన్న కాగితమూ, మా ఆయన ముఖమూ వరసగా కళ్ల ముందు తిరిగాయి. కానీ ఆ పొడి పేలేది ఆయన చెంపకు ఆన్చిన ఉక్కులో. ఇక ఆలోచించడానికేముంది? డబ్బా అక్కడే వదిలి బయటికి వెళ్లి, ఇద్దరి ముందూ చెప్పాను.

సెక్రటరీ నోరు తెరిచి ఏదో అనబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, తెరిచిన డబ్బాలోకి కాసేపు చూశాడు, ఆ కళ్లకు ఏం కనిపించిందో తెలియదు. నాకు ఏడుపొచ్చేసింది. ఇరవై ఏళ్ల నేస్తాన్ని పారబోసినట్టుంది అని చెబుతూ ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు, అసలు నా గురించి మాట్లాడలేదు. "బల్ల మీద రెండు డబ్బాలు పెట్టింది ఎవరు?" అని తననే అడుగుతున్నట్టు అన్నాడు. పొరపాట్లు రాసే పుస్తకం తెమ్మన్నాడు. దాదాపు కాగితానికి ముక్కు ఆనించి, వంకర అక్షరాలతో తానే రాశాడు. మొదటి నియమం తాను తప్పానని, పొడి తెరిచి ఉండగా గది వదిలి వెళ్లానని, కలిసిపోయిన పొడి మొత్తం పారేయాలని రాసి, కింద తన పేరు రాసి సంతకం పెట్టాడు. నా పేరు అందులో ఎక్కడా లేదు. తర్వాత సెక్రటరీ ఆ డబ్బా తీసుకెళ్లి గది వెనక గడ్డి మీద పలచగా చల్లేశాడు. గడ్డికి అది మంచి ఎరువట.

ఆయన్ని ఇంటి దగ్గర దించి వచ్చాను. మా ఆయనకు చెబితే అరుస్తాడనుకున్నాను. విని "నేనైతే చెప్పేవాణ్ణి కాదేమో" అన్నాడు. ఆ వారమంతా డ్యూటీలో ప్రతి సిరంజి మూడేసి సార్లు చూసుకున్నాను. పెద్దాయన ఇక నన్ను పిలవడనే నిశ్చయించుకున్నాను. శనివారం పొద్దున్నే, నేను ఇంకా తల దువ్వుకోకముందే, బెల్ మోగింది. టోపీ పెట్టుకుని, ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని నిలబడి ఉన్నాడు. "వెళ్దామా? మనకు కొత్త పొడి ఎంచుకునే పని ఉంది, తొమ్మిది వారాలే ఉన్నాయి" అన్నాడు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కారు తాళాలు అందుకున్నాను.

ఆ తొమ్మిది వారాలూ నేను ఆయన్ని చూసినంత శ్రద్ధగా ఇంకెవరినీ చూడలేదు. మూడు రకాలు ఎంచుకున్నాడు. ఒక్కోదానికి ఒక్కో నోటుపుస్తకం, కనిష్ఠ మోతాదుతో మొదలు. మెట్టుకు ఐదు తూటాలు చొప్పున కాల్చడం, ఐదు రంధ్రాలూ ఎంత దగ్గరగా పడ్డాయో నేను కొలవడం, పేలిన తొడుగు అడుగు భాగాన్ని బొటనవేలితో తడిమి ఒత్తిడి ఎక్కువైన గుర్తులేమైనా ఉన్నాయా అని ఆయన చూడడం. ఒక రకం రెండో వారమే అద్భుతం చేసింది, ఐదు రంధ్రాలూ కలిసి ఒకటే చిరుగు. ఇదే ఇదే అని నేను గంతులేశాను. ఆయన మాత్రం చలి రోజున ఒకసారి, ఎండ రోజున ఒకసారి, చినుకుల్లో ఒకసారి దాన్నే మళ్లీ మళ్లీ కాల్చి చూశాడు. చలికి అది మొహం మాడ్చుకుంది. చివరికి ఆయన ఎంచుకున్నది ఏ రోజూ మెరుపులు మెరిపించనిది, ఏ రోజూ మోసం చేయనిది. మా వైపు సంబంధాలు చూసేవాళ్లు పెళ్లికొడుకును ఇంత ఓపిగ్గా పరీక్షిస్తే సగం కాపురాలు బాగుపడేవి అన్నాను. ఆయన నవ్వి నవ్వి టోపీ కింద పడేసుకున్నాడు. ఆఖరి వారాల్లో భూతద్దంతో కూడా ఆయనకు గీత అందలేదు. అప్పుడు సెక్రటరీని రెండో చదువరిగా కూర్చోబెట్టాడు. మొదటి చదువు ఎవరిదని అతను అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు నా కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

పోటీ రోజు సన్నని జల్లు పడుతూనే ఉంది. పది గుండ్లు కాల్చాలి. వెనక గొడుగు కింద నిలబడి నేను ప్రార్థన చేశాను, కాగితానికి గురి కుదరమని దేవుణ్ణి అడగొచ్చో లేదో మా ఆంటీని అడగలేదు. పదీ కాల్చాక ఆయన లేచి, రైఫిల్ ఖాళీ చేసి పక్కన పెట్టి, నా కోసం ఎదురుచూశాడు. కాగితం నా చేతికి వచ్చింది. ఆయనకు అది తెల్లగా, మధ్యలో ఒక మసకగా మాత్రమే కనిపిస్తుంది, కాబట్టి నేనేం చెబితే అదే నిజం. తొమ్మిది ఒకచోట ఉన్నాయి, ఒక యూరో నాణెం పెడితే కప్పేస్తుంది, పదోది ఎడమకు పక్కదారి పట్టింది అని చదివాను. దాంతో నాలుగో స్థానం. ఆయన అడిగాడు, "ఆ పదోది ఎవరి తప్పు? పొడిదా, నాదా?" పొడిది అంటే నా పాపం కొంచెం మిగిలిపోతుంది, ఆయనది అంటే ఆయన ఆఖరి గుండు. తూకాలన్నీ నేను చదివినవే. తొమ్మిదింట్లో ఉన్న పొడే పదోదాంట్లోనూ ఉంది. "మీదే" అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. "గ్రాండ్" అన్నాడు, ఇక్కడివాళ్లు బాగుంది అనడానికి వాడే మాట అది, చాలా నెమ్మదిగా, రెండుసార్లు. పొడి ఎంపిక తప్పలేదు, తాను తప్పాడు, అది ఆయనకు చాలు. తిరిగి వస్తూ గది వెనక ఆగి నన్ను చూడమన్నాడు. చుట్టూ గడ్డి మామూలుగానే ఉంది, సెక్రటరీ పొడి చల్లిన చోట మాత్రం ముదురాకుపచ్చగా మోకాలెత్తు పెరిగింది. అది ఎలా ఉందో చెప్పమంటే చెప్పాను.

అక్టోబరులో రైఫిల్ క్లబ్బుకే అప్పగించాడు. ఆ తర్వాతి ఏడాది గాల్వే వెళ్లి కూతురి దగ్గరే ఉండిపోయాడు. పొడి, తూటాలు ఎవరికీ ఇవ్వడానికి లేదు గానీ తక్కెడకు ఏ లైసెన్సూ అక్కర్లేదు, పోయిన నెల ఆయన కూతురు ఇటు వస్తూ చెప్పుల పెట్టెలో పెట్టి తెచ్చిచ్చింది. శనివారం పొద్దున్న పెద్దాయన ఫోన్ చేస్తాడు. దాని మీద ఏం తూస్తున్నావు అని అడుగుతాడు, కుంకుమపువ్వు అని చెబుతాను, అది అబద్ధం, నిన్నటి దాకా ఏదీ తూచలేదు. నిన్న మా అమ్మాయి ప్రశ్నకు జవాబుగా దాన్ని కిందికి దించి, ఒక బియ్యపు గింజ పళ్లెంలో పెట్టి, ఎంత చూపిస్తోందో నన్ను అడక్కుండా రాసి బోర్లించమన్నాను. అది రాసింది, నేను చదివాను, చీటీ తిప్పాం, ఒకటే. తర్వాత పాత బియ్యం మీద కొత్త బియ్యం పోశాను. పెద్దాయన పద్ధతిలో డబ్బా అడుగు దాకా తుడిచి మొదలుపెట్టాల్సినవి కొన్ని ఉంటాయి, అవి ఆయన దగ్గర బాగానే నేర్చుకున్నాను. కాలానికి మాత్రం మా అమ్మమ్మ పద్ధతే వచ్చు, అడుగున పిడికెడు పాతది ఉంచుకుని దాని మీదే కొత్తది పోసుకుంటూ పోతుంది.